దిగుమతి కలప, అంతర్జాతీయ కలప వ్యాపారం: తరచుగా అడిగే ప్రశ్నలు

కలప కొనేవారికి, కోసేవారికి, దానితో వస్తువులు తయారుచేసేవారికి ఈ వ్యాపారం గురించి కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. వీటిలో కలప పుట్టుకకు సంబంధించిన ప్రశ్నలకే ఎక్కువ చోటు ఇచ్చాం. ధరను, నాణ్యతను కొనేవారు ఎలాగూ చూసుకుంటారు. ఆ చెట్టు ఎక్కడ పెరిగింది, ఎవరి అనుమతితో పడింది అన్నది మాత్రం అడగకుండానే వదిలేస్తారు.

దిగుమతి కలపకు గిరాకీ ఎందుకు పెరుగుతోంది?

పట్టణాలు పెరగడం, ఇళ్లు, కార్యాలయాలు, హోటళ్లు ఎక్కువగా కట్టడం దీనికి ఒక కారణం. తలుపులు, కిటికీలు, ఫర్నిచర్, ప్లైవుడ్, పార్టికల్ బోర్డుల వాడకం వాటితోపాటే పెరుగుతుంది. అయితే ఆ అవసరం సొంత అడవుల నుంచే తీరితే దిగుమతి మాటే వచ్చేది కాదు. గత నాలుగు దశాబ్దాల్లో చాలా దేశాలు తమ సహజ అడవుల్లో చెట్లు కొట్టడాన్ని ఒకదాని తర్వాత ఒకటి కట్టడి చేశాయి. 1988 నవంబరులో దక్షిణ ప్రాంతాన్ని ముంచెత్తిన వరదల తర్వాత థాయ్‌లాండ్ 1989 జనవరిలో సహజ అడవుల నరికివేతను నిషేధించింది. 1998లో యాంగ్‌ట్సీ నదికి వచ్చిన పెద్ద వరదల తర్వాత చైనా సహజ అడవుల పరిరక్షణ కార్యక్రమాన్ని చేపట్టి, 2017 నాటికి దేశమంతటా సహజ అడవుల్లో వ్యాపార నరికివేతను ఆపింది. భారతదేశంలో 1988 నాటి జాతీయ అటవీ విధానం, 1996లో అడవుల నరికివేతపై వచ్చిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు సహజ అడవుల నుంచి వచ్చే కలపను బాగా తగ్గించాయి. నరకడం తగ్గింది కానీ వాడకం తగ్గలేదు. ఆ తేడాను ఓడలు పూరిస్తున్నాయి.

సరఫరా వైపు కూడా మార్పులు వచ్చాయి. న్యూజిలాండ్, చిలీ, ఉరుగ్వే వంటి దేశాల్లో నాటిన పైన్, యూకలిప్టస్ తోటలు కోతకు వచ్చాయి. చైనా, వియత్నాం వంటి దేశాల కర్మాగారాలు బయటి కలపను తెచ్చుకొని ఫర్నిచర్‌గా మార్చి తిరిగి ఎగుమతి చేయడం మొదలుపెట్టాయి. అందుచేత ఒక దేశం దిగుమతి చేసుకున్న కలప అంతా ఆ దేశంలోనే వాడినట్టు భావించకూడదు. అందులో కొంత రూపం మార్చుకొని మూడో దేశానికి చేరుతుంది.

ఈ వ్యాపారంలో కలప ఏయే రూపాల్లో కదులుతుంది?

ప్రపంచంలో ఏటా సుమారు 400 కోట్ల ఘనపు మీటర్ల కలపను అడవుల నుంచి, తోటల నుంచి తీస్తున్నారు. అందులో దాదాపు సగం వంటచెరకుగా, బొగ్గుగా అక్కడికక్కడే ఖర్చవుతుంది, చాలావరకు దేశం దాటదు. మిగతా సగమే పరిశ్రమకు వెళుతుంది. దాంట్లో దుంగలు, కోసిన సైజులు, వెనీర్ (దుంగ నుంచి తీసే పలుచని చెక్క పొర), ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును అతికించి చేసే పలక), కాగితపు గుజ్జు, చిప్స్, ఇంధనపు పెల్లెట్లు ఉంటాయి. కస్టమ్స్ వర్గీకరణలో కలపకు 44వ అధ్యాయం కేటాయించారు. దుంగలకు 4403, కోసిన కలపకు 4407, ప్లైవుడ్‌కు 4412 సంఖ్యలు వర్తిస్తాయి. ఫర్నిచర్ మాత్రం 94వ అధ్యాయంలోకి వెళుతుంది. దుంగల దిగుమతిని మాత్రమే చూసి ఒక దేశం ఎంత కలప తెచ్చుకుంటోందో లెక్కవేస్తే అంకె తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

ఎక్కువగా అమ్మేది ఎవరు, కొనేది ఎవరు?

మెత్తటి కలప విషయంలో, అంటే పైన్, స్ప్రూస్, ఫర్ వంటి సూదిమొన ఆకుల చెట్ల విషయంలో, కెనడా, రష్యా, స్వీడన్, ఫిన్లాండ్, జర్మనీ, న్యూజిలాండ్ పెద్ద ఎగుమతిదారులు. కెనడా కోసిన కలపలో అత్యధిక భాగం అమెరికాకే వెళుతుంది. ఉష్ణమండల కలప విషయంలో మలేషియా, ఇండోనేషియా, బ్రెజిల్, పాపువా న్యూ గినీ, సోలమన్ దీవులు, గాబోన్, కామెరూన్ వంటి దేశాల పేర్లు వినిపిస్తాయి. దుంగలను, కోసిన కలపను కలిపి చూస్తే ప్రపంచంలో చైనాను మించిన కొనుగోలుదారు లేదు. టేకు దుంగల విషయంలో భారతదేశానిది పెద్ద మార్కెట్టు. మయన్మార్, ఘనా, ఈక్వెడార్, పనామా, కోస్టారికా వంటి దూర దూర ప్రాంతాల నుంచి అక్కడికి టేకు వచ్చింది, వస్తోంది.

ఒక దేశం తన అడవుల్లో నరకడం ఆపితే ఆ మేరకు అడవులు మిగిలినట్టే కదా?

ఆ దేశంలో మిగిలినట్టే. ప్రపంచంలో మిగిలినట్టు కాదు. వాడకం తగ్గకుండా, తోటలు పెంచకుండా, నరకడాన్ని మాత్రమే ఆపితే గొడ్డలి సరిహద్దు దాటుతుంది. థాయ్‌లాండ్ నిషేధం తర్వాత అక్కడి కలప వ్యాపారులు మయన్మార్, లావోస్, కంబోడియా అడవుల వైపు మళ్లారు. చైనా తన అడవులను కాపాడుకుంటున్న కాలంలోనే రష్యా తూర్పు ప్రాంతం నుంచి, పాపువా న్యూ గినీ, సోలమన్ దీవుల నుంచి, ఆఫ్రికా నుంచి దుంగల కొనుగోలు పెరిగింది. సోలమన్ దీవుల్లో కోత అక్కడి అడవి తిరిగి పెరిగే వేగాన్ని ఎన్నో ఏళ్లుగా మించిపోయింది. ఆ దుంగల్లో అత్యధిక భాగం చైనాకే వెళ్లింది.

నరికివేత నిషేధాలు తప్పని దీని అర్థం కాదు. వరదలతో, కొండచరియలతో నష్టపోయిన ప్రాంతాల్లో అవి అవసరమయ్యాయి. కానీ నిషేధం విధించిన దేశం తన బాధ్యత అక్కడితో తీరిందని అనుకోవడం న్యాయం కాదు. తన చెట్లను కాపాడే చట్టం ఉన్నప్పుడు, తాను కొనే చెట్ల పుట్టుకను అడిగే చట్టం కూడా ఉండాలి. ఈ రెండో చట్టం చాలా దేశాల్లో ఆలస్యంగా వచ్చింది, మరికొన్ని దేశాల్లో ఇంకా రాలేదు.

కొన్ని దేశాలు దుంగల ఎగుమతిని ఎందుకు నిషేధిస్తాయి?

దుంగను అలాగే అమ్మితే వచ్చే డబ్బు తక్కువ, ఉద్యోగాలు తక్కువ. అదే దుంగను కోసి, ఆరబెట్టి, వెనీర్ తీసి అమ్మితే ఆ ఆదాయం తమ దేశంలోనే ఉంటుందన్నది ప్రభుత్వాల ఆలోచన. ఇండోనేషియా 1985లో, గాబోన్ 2010లో, మయన్మార్ 2014లో దుంగల ఎగుమతిని ఆపాయి. రష్యా 2022 జనవరి 1 నుంచి శుద్ధి చేయని మెత్తటి కలప దుంగలను, విలువైన గట్టి కలప దుంగలను బయటికి పంపడం నిషేధించింది.

ఫలితాలు మాత్రం ఒకేలా లేవు. ఇండోనేషియాలో ప్లైవుడ్ పరిశ్రమ శరవేగంగా పెరిగి, ఉష్ణమండల ప్లైవుడ్ ఎగుమతిలో ఆ దేశం ప్రపంచంలోనే ముందుకు వచ్చింది. కానీ బయట అమ్ముకునే దారి మూసుకుపోవడంతో దేశం లోపల దుంగల ధర పడిపోయింది. చౌకగా దొరికే సరుకును మిల్లులు పొదుపుగా వాడలేదు. మిల్లుల సామర్థ్యం అడవి ఇవ్వగలిగినదాన్ని మించిపోయి, అక్రమ నరికివేతకు అదే ఊతమయ్యింది. గాబోన్‌లో రాజధాని లిబ్రవిల్ దగ్గర ఎన్‌కోక్ ప్రత్యేక ఆర్థిక మండలిలో వెనీర్, ప్లైవుడ్ కర్మాగారాలు వచ్చాయి. అక్కడ ప్లైవుడ్‌కు ఎక్కువగా వాడే ఒకూమే చెట్టు ఇప్పుడు దుంగగా కాక పొరలుగా దేశం దాటుతోంది. దుంగల నిషేధం పరిశ్రమను పెంచే సాధనం. అడవిని కాపాడాలంటే కోత పరిమాణంపై వేరే హద్దు ఉండాలి.

సహజ అడవి టేకుకు, తోట టేకుకు తేడా ఏమిటి?

టేకు పుట్టినిల్లు భారతదేశం, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్. ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో ఉన్నదంతా నాటిన టేకే. సహజ అడవిలో చెట్టు కోతకు రావడానికి అరవై నుంచి వందేళ్లకు పైగా పడుతుంది. తోటల్లో చాలాసార్లు 20, 25 ఏళ్లకే కొడతారు, మధ్యలో పలచన చేసేటప్పుడు తీసిన సన్న దుంగలను అంతకంటే ముందే అమ్ముతారు. తోట టేకు నాసిరకమని అందరూ అనే మాట పూర్తిగా సరైనది కాదు. త్వరగా పెరిగినంత మాత్రాన బలం బాగా తగ్గిపోదు. అసలు తేడా చేవలో ఉంది. చిన్న వయసు దుంగలో మధ్యనున్న చేవ భాగం తక్కువ, చుట్టూ ఉన్న తెల్ల చెక్క ఎక్కువ. చెదలను, తేమను తట్టుకునే గుణం చేవకే ఉంటుంది. తెల్ల చెక్కకు ఏ జాతిలోనూ ఆ గుణం ఉండదు. కాబట్టి ఏ దేశపు టేకు అని అడగడం కన్నా, దుంగ మధ్య చుట్టుకొలత ఎంత, అందులో చేవ ఎంత, ముడులు ఎన్ని అని చూడడం మేలు. ఎండావానలకు గురయ్యే గడపకు, కిటికీ చట్రానికి తెల్ల చెక్క లేని ముక్కనే ఎంచుకోవాలి. గదిలోపలి అల్మరాకు అంత పట్టింపు అక్కర్లేదు.

అమ్మినవారు చెప్పిన పరిమాణానికీ మన కొలతకూ తేడా ఎందుకు వస్తుంది?

దుంగ గుండ్రంగా ఉంటుంది, ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా ఉంటుంది, కొన్ని వంకరగా కూడా ఉంటాయి. దాని ఘనపరిమాణాన్ని లెక్కగట్టడానికి ఒక్కో మార్కెట్టులో ఒక్కో పద్ధతి ఉంది. ఈ వ్యాపారంలో వచ్చే తగాదాల్లో చాలా భాగం మోసం వల్ల కాక పద్ధతుల తేడా వల్లే వస్తాయి కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చూద్దాం.

టేకు వ్యాపారంలో బాగా వాడుకలో ఉన్నది హాపస్ పద్ధతి. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు చెందిన ఎడ్వర్డ్ హాపస్ ప్రచురించిన పట్టికల నుంచి దానికి ఆ పేరు వచ్చింది. దుంగ మధ్యలో టేపు చుట్టి చుట్టుకొలత తీసుకొని, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని అదే సంఖ్యతో హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. ఉదాహరణకు 12 అడుగుల పొడవు, మధ్యలో 48 అంగుళాల చుట్టుకొలత ఉన్న దుంగను తీసుకుందాం. చుట్టుకొలతలో నాలుగో వంతు 12 అంగుళాలు, అంటే ఒక అడుగు. ఒకటిని ఒకటితో, 12తో గుణిస్తే 12 హాపస్ అడుగులు వస్తాయి. అదే దుంగను నిజమైన స్తంభాకారంగా లెక్కిస్తే 15.28 ఘనపుటడుగులు వస్తాయి. అంటే హాపస్ లెక్క అసలు పరిమాణంలో 78.5 శాతమే. కోసేటప్పుడు పోయే అంచులను ముందే మినహాయించినట్టుగా ఈ పద్ధతి పనిచేస్తుంది. ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులు, హాపస్ లెక్కలో అయితే ఒక నిజమైన ఘనపు మీటరు దుంగకు 27.7 హాపస్ అడుగులే వస్తాయి. ధర ఒక లెక్కలో మాట్లాడుకొని సరుకు మరో లెక్కలో తీసుకుంటే నష్టం ఐదో వంతును దాటుతుంది.

న్యూజిలాండ్ నుంచి తూర్పు ఆసియాకు వెళ్లే పైన్ దుంగలకు జపాన్ ప్రమాణం వాడతారు. అందులో సన్నని చివర వ్యాసాన్ని సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చించి, మీటర్లలో ఉన్న పొడవుతో గుణించి, పది వేలతో భాగిస్తారు. 30 సెంటీమీటర్ల వ్యాసం, 4 మీటర్ల పొడవున్న దుంగకు 0.36 ఘనపు మీటరు వస్తుంది. దుంగ ఆరు మీటర్లకు చేరితే సన్నబడే వాలును కూడా లెక్కలో కలుపుతారు. అమెరికాలో కోసిన కలపను బోర్డు అడుగుల్లో అమ్ముతారు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అంగుళం మందం ఉంటే ఒక బోర్డు అడుగు. ఒప్పందంలో ధరతోపాటు ఏ పద్ధతిలో కొలుస్తారో, తొక్కకు, పగుళ్లకు, డొల్లకు ఎంత మినహాయిస్తారో రాయించుకోవాలి.

ఇంకొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. దుంగను కోస్తే పనికొచ్చే సైజులుగా సుమారు సగమే వస్తుంది, సన్న దుంగల్లో ఇంకా తగ్గుతుంది. మిగతాది అంచులు, రంపపు పొట్టు. దుంగ చౌకగా కనిపించి, కోశాక ఖరీదైపోవడానికి కారణం ఇదే.

ఓడ బయలుదేరేనాటికి ఏయే పత్రాలు ఉండాలి?

సాధారణంగా ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు లేదా దుంగల వారీ కొలతల జాబితా, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ సంస్థ ఇచ్చే రసీదు), పుట్టిన దేశపు ధృవపత్రం, మొక్కల ఆరోగ్యాన్ని ధ్రువీకరించే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, మందు పొగ పట్టించినట్టు చూపే పత్రం ఉండాలి. జాతిని బట్టి సైటీస్ (ప్రమాదంలో ఉన్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం, వివరాలు కింద ఉన్నాయి) పర్మిట్ కూడా అవసరం. ఈ పత్రాలన్నింటిలో జాతి శాస్త్రీయ నామం, పరిమాణం ఒకేలా ఉండాలి. వాణిజ్య నామాన్ని మాత్రమే రాసిన పత్రంతో చిక్కు వస్తుంది, ఎందుకంటే మహాగని, రోజ్‌వుడ్, ఐరన్‌వుడ్ వంటి పేర్ల కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో జాతులు అమ్ముడవుతున్నాయి.

కలపకు మందు పొగ ఎందుకు పట్టిస్తారు? ప్యాలెట్ల మీద ఉండే ముద్ర ఏమిటి?

తొక్క కింద, చెక్క లోపల పురుగులు, గుడ్లు, శిలీంధ్రాలు ప్రయాణిస్తాయి. తాము పుట్టినచోట వాటికి సహజ శత్రువులు ఉంటారు. కొత్త చోట ఉండరు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చ పెంకుపురుగు ఆసియా నుంచి ప్యాకింగ్ చెక్కలో వచ్చిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. 2002లో అమెరికాలోని మిషిగన్‌లో దాన్ని గుర్తించారు. అప్పటి నుంచి ఉత్తర అమెరికాలో కోట్లాది యాష్ చెట్లు చనిపోయాయి. ఒక ఖండపు చెట్ల జాతిని సరుకు పెట్టెల చెక్క దెబ్బతీయగలిగిందంటే, ఈ నిబంధనలు చాదస్తం కాదని తెలుస్తుంది.

ప్యాలెట్లకు, పెట్టెలకు వాడే చెక్కపై అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌పీఎమ్ 15 వర్తిస్తుంది. దీన్ని 2002లో ఆమోదించారు. చెక్క నడిమి భాగంలో కూడా 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాల పాటు నిలిచేలా చూడడం అందులోని ప్రధాన పద్ధతి. అలా చేసిన చెక్కపై గోధుమ కంకి బొమ్మతో ముద్ర వేస్తారు. అందులో దేశపు సంకేతం, తయారీదారు సంఖ్య, ఏ పద్ధతి వాడారో చెప్పే అక్షరాలు ఉంటాయి. దుంగలకు మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించడం ఇంకా చాలాచోట్ల సాగుతోంది. ఓజోన్ పొరకు హాని చేసే ఈ వాయువును మాంట్రియల్ ఒప్పందం కింద చాలా అవసరాలకు ఆపేసినా, క్వారంటైన్ కోసం వాడడానికి మినహాయింపు ఉంది. తొక్క తీసేయడం, వేడి పట్టించడం, ఫాస్ఫీన్ వాడడం వంటి మార్గాలు దీనికి బదులుగా ముందుకు వస్తున్నాయి.

సైటీస్ అంటే ఏమిటి? ఏ కలపలకు అది వర్తిస్తుంది?

అంతరించే ప్రమాదమున్న వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం అది. 1973లో వాషింగ్టన్‌లో కుదిరి, 1975లో అమల్లోకి వచ్చింది. మొదటి అనుబంధంలోని జాతుల వ్యాపారం దాదాపు పూర్తిగా నిషిద్ధం. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అందులో ఉంది. రెండో అనుబంధంలోని జాతులను పర్మిటుతో అమ్మవచ్చు. పెద్దాకు మహాగని 2003లో, ఎర్రచందనం 1995లో ఆ జాబితాలో చేరాయి. 2017 జనవరి నుంచి మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప, అసలైన రోజ్‌వుడ్ జాతులు ఉండే డాల్బెర్జియా ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) మొత్తాన్ని రెండో అనుబంధం కిందికి తెచ్చారు. ఒక్కో జాతిని విడిగా చేరిస్తే, కోసిన చెక్కలో ఏ జాతి ఏదో కస్టమ్స్ అధికారి చెప్పలేడు, దొంగ రవాణాదారు పక్క జాతి పేరు రాసి తప్పించుకుంటాడు. అందుకే మొత్తం ప్రజాతిని చేర్చాల్సి వచ్చింది. దీనివల్ల గిటార్లు, క్లారినెట్లు తీసుకెళ్లే సంగీతకారులకు ఇబ్బంది కలగడంతో తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. 2022లో పనామాలో జరిగిన సమావేశం లాటిన్ అమెరికా గట్టి కలపలైన ఇపే, కుమారు, ఆఫ్రికా మహాగని వంటివాటిని కూడా రెండో అనుబంధంలో చేర్చింది. ఆరుబయట వేసే డెక్కింగ్‌కు ఇపే, కుమారు బాగా వాడతారు కాబట్టి ఈ మార్పు మామూలు నిర్మాణ వ్యాపారం మీద కూడా పడింది.

అక్రమ కలప సక్రమ మార్కెట్టులోకి ఎలా వస్తుంది?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, ఇంటర్‌పోల్ కలిసి 2012లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచ కలప వ్యాపారంలో 15 నుంచి 30 శాతం అక్రమంగా నరికినదే. రాత్రివేళ దొంగచాటుగా లారీల్లో తరలించేది ఇందులో ఒక భాగం మాత్రమే. ఎక్కువ హాని చేసేది, పూర్తి కాగితాలతో పగటిపూట కదిలే సరుకు.

అమెజాన్‌లో అనుసరించిన ఒక పద్ధతిని చూడండి. నరికే ముందు అడవిలో ఏ జాతి చెట్లు ఎన్ని ఉన్నాయి, ఎంత కలప వస్తుంది అని జాబితా తయారుచేసి అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో లేని ఇపే చెట్లను ఉన్నట్టు, ఉన్నవాటిని అసలు కంటే లావుగా ఉన్నట్టు రాస్తారు. అనుమతి ఆ పెంచిన పరిమాణానికి వస్తుంది. నిజంగా కొట్టిన కలప పోగా కాగితం మీద మిగిలిన పరిమాణాన్ని, ఆదివాసుల భూముల్లోనో రక్షిత అడవుల్లోనో దొంగతనంగా కొట్టిన చెట్లకు అంటగడతారు. ఆ తర్వాత మిల్లులో, ఓడరేవులో, విదేశీ గిడ్డంగిలో ఎవరు తనిఖీ చేసినా కాగితాలు సరిగానే ఉంటాయి. కలప వేరు, కాగితం వేరు.

మరో దారి పొరుగు దేశం గుండా. పశ్చిమ ఆఫ్రికాలో రోజ్‌వుడ్ పేరుతో అమ్ముడయ్యే కోసో విషయంలో ఇది స్పష్టంగా కనిపించింది. తన నేల మీద ఆ చెట్లు దాదాపు మిగలని గాంబియా నుంచి పెద్ద ఎత్తున దుంగలు ఎగుమతయ్యాయి. అవి ఎక్కువగా పక్కనున్న సెనెగల్‌లోని కాసమాన్స్ ప్రాంతపు చెట్లు. ఈ జాతి 2017 నుంచి సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నా, 2022లో అది పెరిగే దేశాల నుంచి వ్యాపారాన్ని నిలిపివేయాలని సైటీస్ సిఫార్సు చేయాల్సి వచ్చింది. ఇక మూడో దేశంలో ప్లైవుడ్‌గానో ఫర్నిచర్‌గానో మారితే పుట్టుక ఇంకా మసకబారుతుంది, ఎందుకంటే ఒకే బోర్డులో మూడు నాలుగు దేశాల పొరలు ఉండవచ్చు.

దిగుమతి చేసుకునే దేశాల్లో దీనిపై చట్టాలు ఉన్నాయా?

ఉన్నాయి. అమెరికా తన 1900 నాటి లేసీ చట్టాన్ని 2008లో సవరించి కలపకు వర్తింపజేసింది. ఇతర దేశాల చట్టాలను ఉల్లంఘించి నరికిన కలపను కొనడం, అమ్మడం దాని ప్రకారం నేరం. దిగుమతిదారు జాతి శాస్త్రీయ నామాన్ని, నరికిన దేశాన్ని ప్రకటించాలి. ఐరోపా సమాఖ్య కలప నిబంధన 2013 మార్చి నుంచి అమలైంది. ఆస్ట్రేలియా 2012లో, జపాన్ 2016లో తమ చట్టాలను చేశాయి. ఐరోపాతో కుదిరిన ఒప్పందం కింద సక్రమ కలపకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టిన తొలి దేశం ఇండోనేషియా. అది 2016 నవంబరులో జరిగింది.

వీటన్నింటికంటే ఒక అడుగు ముందుకు వేసినది ఐరోపా సమాఖ్య 2023లో చేసిన అడవుల నరికివేత నిరోధక నిబంధన. కలప, కాఫీ, కోకో, సోయా, పామాయిల్, రబ్బరు, పశువులు దాని పరిధిలోకి వస్తాయి. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన భూమి నుంచి వచ్చిన సరుకును, స్థానిక చట్టం అనుమతించినా సరే, ఐరోపాలో అమ్మకూడదు. ఏ భూమిలో నరికారో భౌగోళిక నిర్దేశాంకాలతో చూపాలి. దాని అమలు ఒకటికంటే ఎక్కువసార్లు వాయిదా పడింది. చిన్న రైతులకు, చిన్న మిల్లులకు ఈ వివరాలు సమకూర్చడం కష్టమన్న అభ్యంతరంలో నిజం ఉంది. దానికి పరిష్కారం వారికి సాయపడడమే కానీ, భూమి ఎక్కడుందో అడగడం మానేయడం కాదు.

ఎఫ్‌ఎస్‌సీ, పీఈఎఫ్‌సీ గుర్తులను నమ్మవచ్చా?

చాలావరకు నమ్మవచ్చు, కానీ అవి ఏం చెబుతున్నాయో తెలుసుకొని నమ్మాలి. ఇవి అడవిని సరిగ్గా నిర్వహిస్తున్నారని ధృవీకరించే రెండు అంతర్జాతీయ సంస్థలు. ఎఫ్‌ఎస్‌సీ 1993లో, పీఈఎఫ్‌సీ 1999లో ఏర్పడ్డాయి. అడవి నిర్వహణకు ఒక ధృవపత్రం, అక్కడి నుంచి అమ్మకం దాకా ప్రతి చేతికీ మరో ధృవపత్రం ఉంటుంది. మధ్యలో ఒక్క వ్యాపారికి ఆ పత్రం లేకపోయినా గొలుసు తెగినట్టే. ఎఫ్‌ఎస్‌సీ మిక్స్ అని రాసి ఉంటే అందులోని పీచు అంతా ధృవీకరించిన అడవి నుంచి వచ్చిందని కాదు. కొంత భాగం నియంత్రిత కలప, అంటే ధృవపత్రం లేకపోయినా అక్రమంగా నరికినది కాదని తనిఖీ చేసిన కలప, కావచ్చు. అమ్మేవారు చూపిన సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్లో వెతికి, పత్రం ప్రస్తుతం చెల్లుతోందా, మీరు కొనే వస్తువు దాని పరిధిలో ఉందా అని చూడాలి. ఇది ఐదు నిమిషాల పని. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి తర్వాత రష్యా, బెలారస్ కలపను ఈ రెండు సంస్థలూ సంఘర్షణ కలపగా (యుద్ధంతో ముడిపడినందున ధృవీకరించకూడని కలపగా) ప్రకటించాయి కాబట్టి, ఆ దేశాల పుట్టుకతో ఈ గుర్తులున్న కొత్త సరుకు ఎదురైతే అనుమానించాల్సిందే.

కలపను చూసి అది ఏ జాతో, ఎక్కడిదో కనిపెట్టగలమా?

జాతిని కొంతవరకు కనిపెట్టవచ్చు. చివర అడ్డంగా పదునైన కత్తితో నున్నగా చెక్కి, పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దంతో చూస్తే రంధ్రాల అమరిక కనిపిస్తుంది. టేకులో ఏటి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుసగా ఉంటాయి, తర్వాత చిన్నవి అవుతాయి. ఈ పద్ధతి చాలాసార్లు ప్రజాతి వరకే చేరుస్తుంది. అంతకు మించి కావాలంటే డీఎన్‌ఏ పరీక్ష, రసాయన విశ్లేషణ అవసరం. పుట్టిన ప్రాంతాన్ని తెలుసుకోవడానికి స్థిర ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పరీక్ష ఉపయోగపడుతుంది. చెట్టు తాగిన నీటి జాడ, పెరిగిన నేల జాడ చెక్కలో నిలిచి ఉంటాయి. అయితే పోల్చి చూడడానికి ఆ ప్రాంతపు నమూనాలు ముందే సేకరించి ఉండాలి.

ధరలు ఎందుకు ఇంతగా మారుతుంటాయి?

చెట్టు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, గిరాకీ నెలల్లో మారుతుంది. మధ్యలో మిల్లులు, ఓడలు, సుంకాలు ఉన్నాయి. అమెరికాలో మెత్తటి కలప ఫ్యూచర్స్ ధర (ముందు తేదీన ఇచ్చే సరుకుకు ఇప్పుడే కుదుర్చుకునే ధర) 2021 మే నెలలో వెయ్యి బోర్డు అడుగులకు 1,600 డాలర్లు దాటింది. అదే ఏడాది ఆగస్టు నాటికి 500 డాలర్ల దగ్గరికి పడిపోయింది. కోవిడ్ మొదట్లో మిల్లులు ఉత్పత్తి తగ్గించుకోవడం, ఇళ్లలోనే ఉన్న జనం మరమ్మతులు, కొత్త ఇళ్ల వైపు మళ్లడం ఒకేసారి జరిగాయి. అప్పుడు అడవుల్లో చెట్లకు కొరత లేదు, కోసిన కలపకే కొరత. మధ్య ఐరోపాలో 2018 నుంచి కరువు, బెరడు పురుగు వల్ల స్ప్రూస్ చెట్లు పెద్ద ఎత్తున చనిపోయినప్పుడు దీనికి భిన్నంగా జరిగింది: చచ్చిన చెట్లను త్వరగా అమ్మేయాల్సి రావడంతో అక్కడ ధరలు పడిపోయి, చౌక దుంగలు కంటైనర్లలో చైనాకు వెళ్లాయి. అమెరికా, కెనడాల మధ్య 1980ల నుంచి సాగుతున్న సుంకాల వివాదం వంటివి కూడా ధరను కదిలిస్తాయి.

కలప వాడడం పర్యావరణానికి మంచిదేనా?

పొడి కలప బరువులో సుమారు సగం కార్బనే. ఒక ఘనపు మీటరు కలప దాదాపు 0.9 టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కార్బన్‌ను పట్టి ఉంచుతుంది. అది దూలంగా, తలుపుగా దశాబ్దాలు నిలిస్తే, కోసిన చోట మళ్లీ చెట్టు పెరిగితే, ఉక్కు, కాంక్రీటుల కంటే మెరుగైన పదార్థమే. అడ్డపొరలుగా అంటించిన సీఎల్‌టీ పలకలతో, ఇతర ఇంజినీర్డ్ కలపతో నార్వేలో 2019లో 85 మీటర్ల మ్యోస్టార్నెట్ భవనం, అమెరికాలోని మిల్వాకీలో 2022లో 25 అంతస్తుల అసెంట్ భవనం పూర్తయ్యాయి. కానీ అదే కలపను పెల్లెట్లుగా చేసి, సముద్రం దాటించి, విద్యుత్ కేంద్రంలో కాల్చితే ఆ కార్బన్ ఒక్కరోజులో గాలిలో కలుస్తుంది; మళ్లీ చెట్టులోకి చేరడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ రెండు వాడకాలను ఒకే పచ్చదనం కింద లెక్కగట్టడం సరికాదు.

దిగుమతి కలప కొన్నాక వంగిపోతోంది, పగులుతోంది. ఎందుకు?

తేమ వల్ల. కలపలో తేమ 25 నుంచి 30 శాతం కంటే తగ్గినప్పటి నుంచి అది కుదించుకుపోవడం మొదలవుతుంది. గదిలో వాడే కలప సాధారణంగా 8 నుంచి 12 శాతానికి ఆరి ఉండాలి, అయితే ఆ ప్రాంతపు గాలిలోని తేమను బట్టి ఇది కొంత మారుతుంది. ఓడ ప్రయాణంలో ఆరిన కలప కూడా తిరిగి తేమ పీల్చుకోవచ్చు. తేమ మీటరుతో కట్ట పైముక్కనే కాక లోపలి ముక్కలను కూడా పరీక్షించి, పని మొదలుపెట్టే ముందు వాటి మధ్య సందులు వదిలి పేర్చి కొన్ని వారాలు వాడే చోటే ఉంచాలి.

కొనేవారు కనీసం ఏం అడగాలి?

జాతి శాస్త్రీయ నామం, నరికిన దేశం, సహజ అడవా తోటా, సరఫరాదారు ఎవరి దగ్గర కొన్నారు అన్న నాలుగు వివరాలు రాతపూర్వకంగా అడగండి. పెద్ద మొత్తంలో కొనేవారు నరికే అనుమతి పత్రపు నకలును, అందులోని పరిమాణాన్ని కూడా అడగాలి. ఆ అనుమతిలో ఉన్న పరిమాణం కంటే ఎక్కువ కలప అదే పత్రంతో అమ్ముడవుతుంటే తేడా అక్కడే బయటపడుతుంది. పాత ఇళ్లు, పాత ఓడలు విప్పినప్పుడు వచ్చే కలప, పాలు ఆగిపోయాక 25, 30 ఏళ్లకు కొట్టే రబ్బరు చెట్ల కలప, తోటల పైన్ వంటివి మీ పనికి సరిపోతాయేమో ముందుగా చూడండి. మయన్మార్ టేకు కొనేవారు ఇంకొక విషయం తెలుసుకోవాలి: 2021 సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడి ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా, ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించాయి. మూడో దేశం మీదుగా వచ్చిన టేకుకు కూడా నరికిన తేదీ, మొదట అమ్మినవారి పేరు చూపమని అడగాలి. అవి చూపలేని సరుకును వదిలేయాలి.